మేస్త్రీ గొంతు

ఆ లాండ్రీలో దుప్పట్లు ఇస్త్రీ చేసే పెద్ద ఆవిరి రోలరుకి ముందు అడ్డంగా ఒక ఇనప కమ్మీ ఉండేది. వేలు తగిలిందంటే చాలు, రోలరు టక్కున ఆగిపోయేది. మాటిమాటికీ ఆగితే పనెప్పుడు తెమిలేను? మేస్త్రీ ఆ కమ్మీని పైకెత్తి తీగతో కట్టేశాడు. వారం తిరక్కుండానే పద్యాలక్క చెల్లెలి కుడిచేతి వేళ్ళు రెండు దుప్పటితో పాటు లోపలికి పోయాయి. దుప్పటి మళ్ళీ ఉతికితే తెల్లబడింది. వేళ్ళ సంగతి చెప్పక్కర్లేదు.

పుండు మానింది. సోమవారం పనిలోకి రమ్మన్నారు. ఎక్కడికి? అదే రోలరు దగ్గరికి. కమ్మీ ఇంకా పైనే ఉంది. పోననడానికి లేదు, ఇంట్లో పొయ్యి వెలగాలి.

పద్యాలక్క అక్కడే మడతల బల్ల దగ్గర పనిచేస్తుంది. బడి మొహం చూసింది తక్కువ, పుస్తకాలు నమిలింది ఎక్కువ. దిండుగలీబులు మడతపెడుతూనే కవిత్వం కట్టేస్తుంది, అందుకే ఆ పేరు. శనివారం మధ్యాహ్నం భోజనాల గదిలో అందరూ ఉన్నప్పుడు ఓ పద్యం చదివి, కమ్మీ దించేదాకా రోలరు ముట్టేది లేదని అందరిచేతా చేతులెత్తించాలనుకుంది.

"మేస్త్రీని ఉతికి ఆరేస్తావన్నమాట!" అన్నాడు బాయిలర్ బాబాయి.

"తిట్టను బాబాయ్. తిట్లదేముంది, ఎవడైనా తిడతాడు. వాడిచేతే మాట్లాడిస్తా. మొదలునుంచి తుదిదాకా వాడే మాట్లాడతాడు. ఎదురుగా చెల్లి నిలబడుంటుంది, నోరు మెదపదు. వాడు గొప్పలు చెప్పుకుంటూ పోతాడు, చెప్పినకొద్దీ వాడి కుళ్ళంతా వాడి నోట్లోంచే బయటపడుద్ది."

"మనవాళ్ళకి అర్థమవుద్దంటావా?"

"మనవాళ్ళేమన్నా గొడ్లా?"

వారం రోజులు మేస్త్రీ వెనకాలే చెవులు పెట్టుకు తిరిగింది. ఎక్కడ దగ్గుతాడు, ఎక్కడ సాగదీస్తాడు, కోపమొస్తే గొంతు ఎలా మెత్తబడుతుంది, అన్నీ పట్టేసింది. చివరి మాట మాత్రం వాడన్నది కాదు. ఆమె కల్పించింది. అది తట్టినప్పుడు మడతల బల్ల దగ్గర తనలో తనే నవ్వుకుంది కూడా.

శనివారం బెంచీ ఎక్కింది. ముందు వరసలో, అక్క రమ్మంటే వచ్చిన చెల్లెలు, చెయ్యి ఒళ్ళో దాచుకుని.

*చూడమ్మా తల్లీ, యంత్రానికి జాలి నేర్పితే*
*నా పని ఎవడు చేస్తాడు?*
*కమ్మీ కట్టింది నేనే, ఈ చేత్తోనే,*
*ముడి చూడు, ఎంత ముద్దుగా ఉందో!*

"చూడమ్మా తల్లీ" అనగానే గదంతా గొల్లుమంది. అచ్చం మేస్త్రీయే! నవ్వు రుచి చెడ్డది. చదివేవాళ్ళని బానిసల్ని చేస్తుంది. ఆమె ఇంకాస్త సాగదీసింది, వాడిలా నడుం మీద చెయ్యేసింది, లేని పొట్ట ముందుకు తోసింది. రాసుకోని దగ్గు కూడా దగ్గింది.

*ఏడుస్తావేం? వేళ్ళు పోతే పోయాయి,*
*నాకు దణ్ణం పెట్టడానికి అరచేతులున్నాయిగా!*

టిఫిన్ డబ్బాల మూతలు మోగాయి. ఎవడికో పొలమారింది. గుమ్మం దగ్గర ఎవరో కళ్ళు తుడుచుకుంటూ పగలబడి నవ్వుతున్నారు. మేస్త్రీ!

"అమ్మ నీ! నేనే మాట్లాడుతున్నాననుకున్నా! ఇంకోసారి చెప్పు!"

"ఇంకోసారి! ఇంకోసారి!" గదంతా.

ఆమె గొంతు పెంచింది. "నవ్వింది చాలు. కమ్మీ దించేదాకా రోలరు ముట్టేది లేదన్నవాళ్ళు చేతులెత్తండి!"

అదీ పద్యంలోదే అనుకుని ఇంకా నవ్వారు. బాయిలర్ బాబాయి ఒక్కడు చెయ్యెత్తాడు. అటూ ఇటూ చూశాడు. ఎత్తిన చేత్తోనే తల గోక్కున్నాడు.

ఇంటికెళ్ళే దారిలో చెల్లెలు అడిగింది.

"అందులో నేనెక్కడున్నానే అక్కా?"

"ఉన్నావు కదే. వాడు చెప్పేదంతా నీకే. వినే మనిషివి నువ్వే."

"వినేదాన్నే. అక్కడా వినేదాన్నే, నీ పద్యంలోనూ వినేదాన్నే. వాడికి అంత నోరిచ్చావు. నాకో 'అబ్బా' కూడా ఇవ్వలేదు."

"ఆ కవిత్వం పద్ధతే అది..."

"మరి ఆ దణ్ణం మాట వాడెప్పుడన్నాడే? నాతో అనలేదే."



సోమవారం చెల్లెలు రోలరు దగ్గర నిలబడింది. మూడు వేళ్ళతో దుప్పటి అంచు పట్టుకోవడం కుదరడం లేదు, జారిపోతోంది. మేస్త్రీ వచ్చాడు. పాపం, పాతికేళ్ళుగా ఆ మనిషి వేసిన జోకుకి ఒక్కళ్ళు నవ్విన పాపాన పోలేదు. ఇప్పుడు వండి వార్చిన జోకు చేతికొచ్చింది.

"చూడమ్మా తల్లీ, ఏడుస్తావేం? దణ్ణం పెట్టడానికి అరచేతులున్నాయిగా!"

రోలరుకి అటువైపు దుప్పట్లు అందుకునే ఇద్దరూ కిసుక్కుమన్నారు. శనివారం నవ్విన నవ్వే, అలవాటైపోయింది.

పద్యాలక్క బల్ల వదిలి పరుగెత్తుకొచ్చింది. "ఆపండి! మిషన్ ఆపండి! ఆ తీగ విప్పితే తప్ప..."

"అదిగో, అక్క మొదలెట్టింది!" అన్నారెవరో.

"కానీ, కానీ," అన్నాడు మేస్త్రీ, చేతులు కట్టుకుని నవ్వుతూ. "నా గొంతులో చెప్పమ్మా, ఇలా కాదు."

"వాడి గొంతు కాదర్రా, ఇది నేను! నేను మాట్లాడుతున్నా!" అని అరిచింది. దానికీ నవ్వారు. బాయిలర్ బాబాయి తల వంచుకుని అటు తిరిగిపోయాడు. ఆమె తీగ ముడి మీద పడి గోళ్ళతో పీకింది. గోరు విరిగింది. ముడి కదల్లేదు.

రోలరు తిరుగుతూనే ఉంది. చెల్లెలు జారిన అంచుని మళ్ళీ పట్టుకుని, వేడి నోట్లోకి తోస్తూ, తల తిప్పకుండా అంది:

"పక్కకి జరుగక్కా. దుప్పటి నలుగుతోంది."