నా మెడ తుప్పు వదిలిన సాయంత్రం

నేను ఒక మైకు స్టాండును. గుండ్రటి ఇనుప పాదం, పొడుగాటి కాలు, మెడ దగ్గర బిగించే మర, ఇంతే నా ఒళ్ళు. బెజవాడలో పుట్టాను. మనిషి ఎత్తును బట్టి దిగాలి, లేవాలి అని నన్ను చేసినవాడు ఆ మర పెట్టాడు. పాపం, ఆయనకు ఆర్కెస్ట్రావాళ్ళ సంగతి తెలియదు.

నన్ను కొన్నది కాకినాడలో పాటకచేరీల ట్రూపు నడిపే రామ్మోహన్ గారు. అందులో ప్రధాన గాయకుడూ ఆయనే. ఆరడుగుల మనిషి. మొదటిరోజే తన నోటి ఎత్తుకు నన్ను బిగించారు, మళ్ళీ ఎవరూ విప్పలేదు. మర తుప్పు పట్టింది. చర్చిలో పాడుతూ పెరిగిన సువార్త అనే అమ్మాయి ట్రూపులో చేరాక, ఆ పొట్టిపిల్ల కోసం నా ముందు సోడాపెట్టె బోర్లించారు గానీ నన్ను దించలేదు. కాలు కదిపితే ఎక్కడ పడిపోతానోనని బిక్కుబిక్కుమంటూ పాడేది.

శృతి సంగతీ అంతే. ఏ పాటైనా రామ్మోహన్ గారి శృతిలోనే వాయించాలి. అందులో సువార్త గొంతు అడుక్కి దిగి అణిగిపోయేది. "ఆడగొంతులో దమ్ముండదండీ, అందుకే డ్యూయెట్లకి తప్ప పెట్టను" అని ఆయన ఊరంతా చెప్పేవారు. కాళ్ళు కట్టేసి, పరుగెత్తవేమని అడగడం మనుషులకే చెల్లింది. నాకు ఒళ్ళు మండేది. ఇనుముకు మండితే ఎవరికి పట్టింది?

ఒక్క పాటైనా ఒంటరిగా పాడతానని ఆమె అడగ్గా అడగ్గా, ఒక తిరునాళ్ళ సాయంత్రం ఆయన ఒప్పుకున్నారు.

"సరేనమ్మా, పాడు. జనం లేచెళ్ళిపోయారో, రేపట్నుంచి నువ్వు రానక్కర్లేదు."

సువార్త సోడాపెట్టెను కాలితో పక్కకు నెట్టింది. రెండు చేతులతో నా మెడ పట్టి తిప్పింది. నా తుప్పు కిర్రుమన్న చప్పుడు మైకులోంచి మైదానమంతా వినిపించింది. జనం నవ్వారు. నేను మాత్రం పుట్టాక మొదటిసారి కిందికి దిగాను.

కీబోర్డు మస్తాన్ అలవాటు కొద్దీ రామ్మోహన్ గారి శృతి అందించబోయాడు.

"ఆగన్నా. నేనెత్తుకుంటాను, నువ్వు నా ఎనకాల రా" అంది.

ఏ వాయిద్యమూ లేకుండా, తన శృతిలో పల్లవి ఎత్తుకుంది. మస్తాన్ వేళ్ళు మెట్ల మీద కాసేపు తడుముకుని దాన్ని పట్టుకున్నాయి. తబలా అందుకుంది. చరణంలో ఆ గొంతు పైకి లేస్తుంటే నా పాదం దాకా వణికాను. జీళ్ళు అమ్మేవాడు బేరం మరిచి నిలబడిపోయాడు. పాట అయ్యాక ఈలలు, కేకలు, "వన్స్ మోర్!"

"ఇంత దమ్ము ఎక్కడిదమ్మా నీకు?" అన్నారు రామ్మోహన్ గారు, తేలిపోయిన మొహంతో.

"గొంతు పాతదేనండీ. శృతే నాది."

మరుసటి ఏడు ఆమె సొంత ట్రూపు పెట్టింది. మస్తాన్ ఆమె వెంట వెళ్ళాడు. "ఆ తుప్పు స్టాండు నాకిచ్చెయ్యండి" అని నన్నూ అడిగి తీసుకెళ్ళింది. అక్కడ పద్ధతి ఒక్కటే. పాడేది ఆడైనా మగైనా ముందు నా మర తిప్పుకోవాలి, తన శృతి చెప్పాలి, ఆ తరవాతే పాట. ఎంతమంది ఆడపిల్లలు నా మెడ వంచారో! రామ్మోహన్ గారు కూడా ఒకసారి అతిథిగా వచ్చి, తన వంతు కోసం కుర్చీలో బుద్ధిగా కూర్చున్నారు.

ఇప్పుడు నేను ఏ ఎత్తులోనూ నిలవను. రిహార్సల్ గదిలో మూలన ఉన్నాను, పిల్లలు నాకు సంచులు తగిలిస్తారు. ఒకప్పుడు తిప్పేవాళ్ళు లేక తుప్పు పట్టిన మర, తిప్పించుకుని తిప్పించుకుని అరిగిపోయింది. ఇనుముగా పుట్టినందుకు ఇంతకంటే ఏం కావాలి!