కోడి మెడలో పట్టుపోగులు

కోడికి జబ్బు చేస్తే మా అత్తగారింట్లో తెలిసిన వైద్యం ఒక్కటే, చచ్చేలోపు కోసుకోవడం. అందుకే నా నల్లకోడి రెండు రోజులుగా మేత ముట్టక, రెక్కలు వాల్చి మూలకు నిలబడితే నేనెవరికీ చెప్పలేదు. అయినా ఆదివారం పొద్దున మా ఆయన దామోదర్ కంట పడనే పడింది.

"కొక్కెర రోగం తగిలినట్టున్నది స్వర్ణా. మాపటికి దుకాణం నుంచి వచ్చినంక కోద్దాం. అల్లం నూరి పెట్టు" అని చెప్పి మక్తల్ బస్సెక్కాడు.

అల్లం నూరాలట! కోస్గిలోని మా తల్లిగారింటి నుంచి, అరచేతిలో పట్టేంత పిల్లగా ఉన్నప్పుడు తెచ్చుకున్న కోడి అది. పిలిస్తే నాకోసం పరుగెత్తుకొచ్చే ప్రాణి ఆ ఇంట్లో అదొక్కటే. పశువుల దవాఖానకు ఆదివారం తాళం. ఏం చేయాలో తోచక గంప పక్కన కూర్చుని ఏడ్చాను.

మగ్గం గుంటలోంచి మా అత్త ఉప్పలమ్మ కేకేసింది.

"ఏందే, కోడికే గంత ఏడ్పా? ఇటు తే."

ఆమె నోరంటే నాకు హడల్. రంగు దారాలు చుట్టిన కండెలు కాస్త వరుస మార్చి సర్దినా ఇల్లు పీకి పందిరేసేది. మగ్గం దగ్గరికి నన్ను రానిచ్చేదే కాదు. అయినా వేరే దారి లేక కోడిని తీసుకెళ్లి గుంటలోంచి లేచి అరుగు మీద కూర్చున్న ఆమె ఒళ్లో పెట్టాను.

అత్త దాని వైపు చూడనైనా చూడలేదు. తురాయి తడిమింది, రెక్కల కింద తడిమింది, మెడ కిందికొచ్చి ఆగింది. కోడి నోరు తెరిచి వాసన చూసింది.

"నిన్నటి సంది ఏమన్న తిన్నదా?"

"రెండొద్దులాయె, గింజ ముట్టలే."

"మరి మేత సంచి గింత నిండుగ ఎట్లుంటది? తెల్లారేసరికి ఖాళీ గావాలె. ఇది రోగం గాదు పిల్లా, లోపట ఏందో అడ్డం వడ్డది. కొత్త బ్లేడు తే. సూది నీళ్లల్ల మరగవెట్టు. పసుపు తే, పట్టుదారం తే."

కోడిని తువ్వాలలో చుట్టి పట్టుకున్నాను. అత్త మెడ కింద ఈకలు పీకి, వేలితో నరం లేని జాగా వెతికి, అంగుళం మేర చర్మం కోసింది. దాని కింద పలుచటి సంచి. దాన్నీ కోసింది. పుల్లటి కంపు కొట్టింది. వేలు పెట్టి మెల్లగా లాగితే దారం వచ్చింది, ఇంకా లాగితే ఇంకా వచ్చింది. గడ్డీ జొన్నగింజలూ చుట్టుకుని నిమ్మకాయంత ఉండ. మగ్గం దగ్గర కత్తిరించి పారేసే పట్టుపోగులే అవి.

అత్త దాన్ని అరచేతిలో అటూ ఇటూ తిప్పింది.

"ఎర్రయా, ఆకుపచ్చయా?" అని అడిగింది.

పట్టపగలు, ఎండలో, ఆ ఉండ పండుమిరపకాయంత ఎర్రగా ఉంది. నేను ఆమె ముఖంలోకి చూశాను.

"అత్తా, నీకు కనవడ్తలేదా?"

"ముందు సూదెక్కియ్యి."

ఒక చేత్తో కోడిని పట్టుకుని ఎక్కించబోతే దారం బెజ్జంలో దూరలేదు. ఆమె లాక్కుని, దారం కొస నాలుకతో తడిపి, బెజ్జం గోటితో వెతికి ఒక్కసారికే ఎక్కించింది. లోపలి సంచి వేరుగా, పైచర్మం వేరుగా కుట్టింది. తెగిన పడుగుపోగు అతికినంత నిమ్మళంగా కుట్టింది. కోడి రెండుసార్లు కాళ్లు తన్నుకుంది, అంతే.

"మూడేండ్లాయె" అంది, కుట్టు ఆపకుండానే. "ఎలుగు చీకటి తెలుస్తయి, రంగు తెల్వది. కిందవడ్డ పోగులు కనవడక వాకిట్లకు నేనే ఊడ్చిన. నీ కోడి తిన్నది."

మూడేళ్లు! ఆ మూడేళ్లలో ఆమె నేసిన చీరలన్నీ నా చేతులతోనే మడిచాను. ఒక్క అంచు వంకర పోలేదు, ఒక్క రంగు తప్పలేదు. కండెల వరుస మారిస్తే ఎందుకు తిట్టేదో అప్పుడు అర్థమైంది. ఇన్నాళ్లూ దాన్ని అత్తరికం అనుకున్నందుకు సిగ్గేసింది. గుళ్లో కూడా నాకెన్నడూ అంత భక్తి కలగలేదు.

"ఊర్లె కండ్ల క్యాంపు వెట్టినప్పుడు ఎందుకు పోలే?"

"తెలిస్తె నీ మొగడు మగ్గం మీద కూసోనిస్తడా? ఆపరేషన్ల ఉన్న ఎలుగు గూడ పోతె? నాకు భయం."

"కోడిని కోసి కుట్టినదానివి, నీకు భయమా?"

"కోసుడు వేరు, కోయించుకునుడు వేరు" అంది. ముడేసి దారం తెంపి మళ్లీ తనే అంది, "కోడి బతికితే అప్పుడు జూద్దాం."

అంతవరకు నా కోడి కోసం ఏడ్చాను. అప్పటి నుంచి ఆమె కళ్ల కోసం కోడిని కాపలా కాశాను. సాయంత్రం దామోదర్ వచ్చి అల్లమేదని అడిగితే, "ఇప్పుడది మీ అమ్మ కోడి, పోయి ఆమెనే అడుగు" అన్నాను. అడిగే ధైర్యం ఆయనకెక్కడిది!

మొదటి రోజు చుక్క చుక్క నీళ్లు. రెండో రోజు చెంచాతో పలుచటి జొన్న అంబలి. ఆ మధ్యాహ్నం కోడి కళ్లు మూసి ఒరిగిపోయింది. నా ప్రాణం పోయినంత పనైంది. లోపల అత్త మగ్గం చప్పుడు మాటిమాటికీ ఆగిపోయేది. ఆగినప్పుడల్లా "ఉన్నది అత్తా, ఉన్నది" అని వాకిట్లోంచే అరిచేదాన్ని.

నాలుగో రోజు తెల్లవారి గంప ఎత్తితే కోడి తనంతట తానే బయటికి నడిచింది. దాన్ని పట్టుకుని మగ్గం దగ్గరికి పరుగెత్తాను. అత్త దాని మెడ కింద చేయి పెట్టింది. సంచి ఖాళీగా, మెత్తగా ఉంది. చాలాసేపు ఆ చేయి తీయలేదు.

"కండ్ల దవాఖానకు బస్సు ఎన్నింటికి?" అని అడిగింది.