పోలింగులో ఫస్టొచ్చిన పేట

అధికారులొచ్చి దండలేసి, చప్పట్లు కొట్టి, "ఓటు వేయడంలో మీ పేటే ఫస్టు" అని మెచ్చుకుని వెళ్ళిన వారంలోనే, మా క్వారీ పేట నుంచి కంకరత్తను తరిమేశారు. నేను కళ్ళారా చూశాను. జీవితమంతా సుత్తి పట్టుకుని కంకర కొట్టిన మనిషి మూట నెత్తిన పెట్టుకుని వెళ్ళిపోతుంటే ఒక్క నోరు పెగల్లేదు.

కాలేజీల్లో చదివే తమ్ముళ్ళూ, మిల్లుల్లో పనిచేసే అన్నలూ, ఆ ఫస్టు ఎలా వచ్చిందో వినండి. పోలింగు రోజున క్వారీ కంట్రాక్టరు ట్రాక్టర్లు ఇంటింటి ముందూ ఆగుతాయి. జ్వరంతో మూలుగుతున్నవాణ్ణి కూడా మంచంతో సహా ఎక్కిస్తారు. అందరూ ఆయన బావమరిదికే గుద్ది రావాలి. పేటంతటికీ ఒకటే బూత్. ఏ మనిషి ఎవరికి వేశాడో తెలియదు గానీ, లెక్కింపు రోజున పేట ఎటు వేసిందో తెలిసిపోతుంది. రహస్య ఓటట, మన్నూ మశానమూ!

ఆ ఏడు పిడికెడు ఓట్లు అవతలి మనిషికి పడ్డాయి. కంట్రాక్టరు క్వారీ గేటుకి తాళం వేశాడు. వేసినవాళ్ళెవరో చెబితేనే పని అన్నాడు. ఇళ్ళల్లో పొయ్యిలోంచి పిల్లి లేవలేదు. చివరికి మేస్త్రీ నోట కంకరత్త పేరు వచ్చింది. ఆమే వేసిందని ఎవరికి తెలుసు? ఎవరికీ తెలియదు. మొగుడు లేడు, కొడుకు క్వారీ పేలుడులో పోయాడు, ఇదేమిటని అడిగే దిక్కు లేదు. అందుకని ఆమె. ఆమెని తరిమేశాక, మర్నాడు గేటు తెరుచుకుంది.

ఆమె కోడలు మాత్రం ఇద్దరు పిల్లల్ని వేసుకుని పేటలోనే ఉండిపోయింది. ఎక్కడికి పోతుంది? కంకర కొడితేనే ఆ పిల్లల నోట్లోకి ముద్ద.

మళ్ళీ ఎన్నికలొచ్చాయి. పోలింగుకి ముందు, పనిలోకి దిగేముందు రేకుల షెడ్డులో అందరం చేరాం.

"ఈసారి అందరం అవతలికే గుద్దుదాం," అన్నాను నేను. లారీలకి కంకర ఎత్తేవాళ్ళకి దూకుడు కాస్త ఎక్కువే.

"నీకేంరా, ఒంటికాయ శొంఠికొమ్ముగాడివి," అన్నాడు మేస్త్రీ. "నేను ఆయనకే వేస్తా. నా పిల్లల్ని నువ్వు సాకుతావా?"

"సిగ్గులేదూ? ఒక ఆడమనిషిని పట్టిచ్చి అన్నం తిన్నావు!" అని డ్రిల్లు మిషనువాడు మీదికెళ్ళాడు.

"మీరు తినలేదేంట్రా? గేటు తెరిచినరోజు నేను పనికి రానని ఒక్కడైనా అన్నాడా?"

అప్పుడు లేచింది కోడలు.

"మావయ్యా, నువ్వు ఆయనకే వేసుకో. నేనేమీ అనుకోను. ఎవరికి నచ్చినట్టు వాళ్ళు వేసుకోండి. రేపు ఆయనొచ్చి ఎవరని అడిగితే మాత్రం పక్కవాళ్ళ పేరు చెప్పకండి. అంతగా చెప్పాల్సొస్తే మీ పేరే చెప్పుకోండి."

"గేటు మూసేస్తే ఆకలికి చస్తాం కదమ్మా?" అంది ఒక ముసలావిడ.

"ఆకలి అందరికీ కలిసే వేస్తుంది పెద్దమ్మా. పోయినసారి మా అత్తొక్కదానికే వదిలేశారు."

సరేనని ఎవరూ అనలేదు. ఎవరి సుత్తి వాళ్ళు తీసుకుని వెళ్ళిపోయారు.

లెక్కింపులో మా బూత్ సగానికి సగం చీలిపోయింది. బావమరిది ఓడిపోయాడు. తెల్లారేసరికి గేటుకి తాళం పడింది. కంట్రాక్టరు జీపు దిగి తిన్నగా కోడలి ముందుకొచ్చాడు.

"అత్త బుద్ధే దీనిదీను. ఏం మేస్త్రీ, ఇదేనా ఊరిని చెడగొట్టింది? అవునను చాలు, ఇప్పుడే తాళం తీయిస్తా."

కోడలు పిల్లల్ని దగ్గరికి లాక్కుంది. మేస్త్రీ తువ్వాలుతో మొహం తుడుచుకున్నాడు. అయిపోయిందనుకున్నాను.

"ఆ అమ్మాయి సంగతి నాకు తెలీదయ్యా. అవతలికి వేసింది నేను," అన్నాడు.

"నేనూ వేశా," అంది అతని పెళ్ళాం. ఆ తర్వాత ఆగితే ఒట్టు! నేను, నేను అంటూ గేటు ముందు గోలగోల అయిపోయింది.

"అందరూ వాడికే వేస్తే మరి మాకు పడ్డ సగం ఎవరు వేశార్రా?" అని అరిచాడు కంట్రాక్టరు.

ఒక్క చెయ్యి లేవలేదు. ఆయనకి వేసినవాళ్ళు మా భుజాలు రాసుకునే నిలబడి ఉన్నారు.

"మీ బావమరిదే అన్నీ గుద్దుకున్నాడేమో, అడిగి చూడు నాయనా," అంది ముసలావిడ. ఆకలి కడుపులతోనే విరగబడి నవ్వాం.

మధ్యాహ్నానికి పోలీసులొచ్చారు. జనాన్ని రెచ్చగొట్టారని మేస్త్రీనీ కోడల్నీ జీపెక్కించారు. పిల్లలు గుక్కపెట్టి ఏడ్చారు. మేస్త్రీ పెళ్ళాం చిన్నదాన్ని చంకనేసుకుని, పెద్దవాడి చెయ్యి పట్టుకుని జీపు వెనకే నడిచింది. ఆమె వెనక మేమంతా నడిచాం.

స్టేషను మెట్ల మీద కూర్చుంటే పోలీసు కర్ర ఊపుతూ వచ్చాడు. "ఇళ్ళకి పొండి! లేకపోతే లోపలేస్తా."

మేస్త్రీ పెళ్ళాం కదల్లేదు.

"వాళ్ళిద్దర్నీ వదలండి. లేదంటే మమ్మల్నందర్నీ లోపలేసుకోండి. ఇంటికెళ్ళినా వండేదేం లేదు."