పత్తికాయలో ఓడ బొమ్మ కాసు

పత్తి తీసే మాసి నెలలో కోవిల్‌పట్టి పక్క పల్లెల ఆడవాళ్ళకి ఒడినిండా పత్తి, వేళ్ళనిండా గీతలు. చిన్నతాయి కూడా తెల్లారగానే అత్త వీరమ్మాళ్ వెంట చేనికి పోయేది.

అక్కడి నల్లరేగడికి ఒక అలవాటుంది. ఎండాకాలం నెర్రెల్లో పడినదాన్ని మింగేస్తుంది, తర్వాతి పంటలో పత్తికాయలో పెట్టి తిరిగిచ్చేస్తుంది. మింగిన చేనే ఇస్తుంది తప్ప పక్క చేను ఇవ్వదు. అదే ఊరి ముత్తుప్పేచ్చికి, పోయిన ముక్కుపుడక అట్లాగే దొరికింది. దూది దులిపి పెట్టుకుంది, అంతే.

చిన్నతాయి మొగుడు అళగర్సామి కొన్నేళ్ళ కింద విరుదునగర్ సంతకి ఎద్దుల్ని తోలుకుపోయి, మోసపోయి, ఉత్త పలుపుతాళ్ళతో మిగిలాడు. ఆ మొహంతో ఇంటికి రాలేకపోయాడు. ఇక లేడనుకుని, వచ్చే అమావాస్యకి కర్మ చేయించి కోడలి తాళి తీయించాలని వీరమ్మాళ్ నిశ్చయించింది. ముసలామె చెడ్డదేం కాదు, ఎదురుచూసి అలిసిపోయింది.

ఆ పొద్దు చిన్నతాయి చేతికి ఒక కాయ బరువుగా తగిలింది. విప్పితే ఓడ బొమ్మ ఉన్న పరదేశపు పాత కాసు! దాని చిల్లులోంచి దూర్చిన మొలతాడు, మొలతాడుకి రాగి తాయెత్తు. ఆ తాయెత్తు కొడుక్కి వీరమ్మాళే కట్టింది.

ముసలామె చేలోనే కూలబడింది. "అయ్యో కొడకా! మొలతాడు తీసేది పీనుగకే గదరా!"

 చిన్నతాయి తాడు కొసలు తడిమి చూసింది.

"ఏడవాక అత్తా. పీనుగదైతే తెంపుతారు. ఇది ముడి విప్పి తీసింది."

పత్తి బండి తోలే గురుసామి కాసు చూసి, "ఇది ఒల్లాందు దొరల, అదే డచ్చోళ్ళ, కాలందమ్మా. తూత్తుకుడి ఉప్పుమళ్ళల్లో తవ్వేటప్పుడు దొరకతా ఉంటాయి" అన్నాడు.

"ఆడ సముద్రం, ఈడ మన చేను. ఎట్ల వచ్చె?" అంది వీరమ్మాళ్.

"మన చేను మింగిందే గదా మనకిచ్చేది! పోయిన ఎండల్లో ఆయన వచ్చినాడత్తా. గట్టు దాకా వచ్చి, ఇంట్లోకి మొగం చాలక, బతికుండానని చెప్పను దీన్ని నెర్రెలో వేసి పోయినాడు."

చెబుతుంటే చిన్నతాయికి ఏడుపూ నవ్వూ ఒక్కసారే వచ్చాయి. వీరమ్మాళ్ చీర దులుపుకుని లేచింది.

"గురుసామీ, తూత్తుకుడికి బండి ఎప్పుడు కడతావు? నా కోడల్ని ఎక్కించుకో."

ఉప్పుమళ్ళలో ఉప్పు లాగేవాళ్ళ మధ్య ఒకడు గోచీని నారతాడుతో కట్టుకుని ఉన్నాడు. చిన్నతాయిని చూసి తల వంచుకున్నాడు. ఎద్దుల మాట ఆమె ఎత్తనే లేదు. దగ్గరికి పోయి, మొలతాడు అతని నడుముకి చుట్టి, గట్టిగా ముడేసింది.

"పోదాం. అత్త కూడొండి కూసోనుంది."