తేదీ వేయని సీసా

ఈ కథ నాకు మొదట చెప్పింది అమెరికాలో మా పక్క ఊరు ట్రాయ్‌లో ఉండే భీమశంకర్‌గారు. నాకొక్కడికే కాదు, తలా ఒక వంటకం తెచ్చుకునే పాట్‌లక్‌లో టేబుల్ చుట్టూ కూర్చున్న పదిమందికీ చెప్పాడు. మా అమ్మాయి చేసిన గారెలు రాళ్లలా ఉన్నాయన్న నోటితోనే ఇదీ చెప్పాడు. ఆయన కథలో ఒక తల్లి పుస్తకాలు చదివి చదివి పొగరెక్కి, కన్నకూతురి పెళ్లికి రానని మొండికేస్తుంది.

తప్పు. అసలు సంగతి జరిగినప్పుడు మా అమ్మాయి ఇంద్రజ ఆ తల్లి వంటింట్లోనే ఉంది. దానిచేత రెండుసార్లు చెప్పించుకున్నాను. రెండోసారి ఒక్క ముక్క కూడా మారలేదు. కాబట్టి జరిగింది ఇదీ.

ఫార్మింగ్టన్ హిల్స్‌లో మా అమ్మాయి ఇంటికి నాలుగిళ్ల అవతల దమయంతి ఉంటుంది. రాజమండ్రి మనిషి. తెల్లచొక్కాలు తొడుక్కుని జంటగా తిరిగే అమెరికా కుర్రాళ్లు చెప్పింది విని, పంతొమ్మిదో ఏట మోర్మన్లనే క్రైస్తవ సంఘంలో చేరింది. ఆ సంఘంలోనే ఉదయ్‌ని చూసి చేసుకుంది. ఇక్కడికొచ్చాక ఫార్మసీలో ఉద్యోగం. వాళ్లకి కాఫీ, టీ నిషిద్ధం. తెలియక మొదటిరోజు నేను స్వయంగా కలిపిచ్చిన కాఫీ వద్దంది. ఆ కోపం నాకు ఇంకా కొంచెం ఉంది. అయినా ఉన్నమాట ఉన్నట్టు చెప్పాలి కదా.

ఏడాదికి సరిపడా తిండి ఇంట్లో దాచుకోమని వాళ్ల పెద్దలు చెబుతారు. దమయంతి బేస్‌మెంట్ నిండా గోధుమలు, బియ్యం, కందిపప్పు, గోడ పొడుగునా అరల్లో పీచ్‌పళ్ల సీసాలు. మనం ఆవకాయ పట్టినట్టు ఆవిడ ఏటా ఆగస్టులో పీచ్‌పళ్లు పడుతుంది. పళ్లు కోసి, చక్కెర పాకం పోసి, సీసాల్ని మరిగే నీళ్లలో ఉంచి తీస్తుంది. చల్లారేటప్పుడు మూత టక్కుమని అతుక్కుంటుంది. ఆ టక్కుమనే లోపల వంటింట్లో ఎవరేం మాట్లాడినా అది సీసాలో ఉండిపోతుంది. మూత తీసినప్పుడు ఒక్కసారి వినబడుతుంది, ఇక అంతే.

ఉదయ్ ఉన్న రోజుల్లో, ఇంద్రజకి ఆపరేషనైనప్పుడు దమయంతి ఒక సీసా తెచ్చిచ్చింది. మూత తియ్యగానే మొగుడూ పెళ్లాల తగువు బయటికొచ్చింది.

"డెబ్భై ఎనిమిదికి పెట్టానా ఏసీ? ఎవరు తగ్గించారు?"

"ఉక్కకి చచ్చేది నేను, బిల్లుకి ఏడ్చేది మీరు!"

ఇంద్రజ మొత్తం విని, "పాకం ఈసారి కాస్త పల్చనైంది దమయంతీ" అంది, అంతే.

ఉదయ్ పోయి ఆరేళ్లు. ఆయన గొంతున్న సీసాలు ఇక నాలుగే మిగిలాయి. ఏడాదికొకటి, పెళ్లిరోజున మూత తీస్తుంది. తగువైతే తగువు, పాటైతే పాట. విని, పళ్లు కప్పులో వేసుకుని నెమ్మదిగా తింటుంది.

గురువారం గురువారం దమయంతీ ఇంద్రజా కలిసి లైబ్రరీకి వెళ్తారు. చెరో నాలుగు పుస్తకాలు తెచ్చుకుని, చదివి, మార్చుకుని, కార్లో కూర్చుని వాదించుకుంటారు. ఒక గురువారం దమయంతి స్టీరింగ్ మీద చేతులు పెట్టుకుని అంది:

"పుస్తకంలో తప్ప ఎక్కడా లేని మనుషుల కోసం ఏడుస్తాను ఇందూ. ఉన్నాడనుకున్న దేవుడితో మాట్లాడదామంటే నోరు పెగలట్లేదు."

"పోనీ మాట్లాడకు."

"మాట్లాడకపోతే ఉదయ్ ఎక్కడున్నట్టు?"

వాళ్ల నమ్మకం ప్రకారం టెంపుల్ అనే తమ ప్రత్యేక మందిరంలో ముడిపడ్డ భార్యాభర్తలు చచ్చాక కూడా కలిసే ఉంటారు. నమ్మకం పోతే ఆవిడకి పోయేది దేవుడొక్కడే కాదు.

ఇలా ఉండగా కూతురు మీనాకి పెళ్లి కుదిరింది. పిల్లాడూ ఆ సంఘంవాడే. పెళ్లి టెంపుల్‌లో. అక్కడికి అందర్నీ రానివ్వరు, చేతిలో కార్డుండాలి. రెండేళ్లకోసారి బిషప్ ఎదుట కూర్చుని ప్రశ్నలకి జవాబు చెబితే ఆ కార్డిస్తారు. కన్నతల్లయినా సరే, కార్డు లేకపోతే బయటే. దమయంతి కార్డుకి గడువు తీరిపోయింది. వెళ్లింది, కూర్చుంది. దేవుడి మీద విశ్వాసముందా అని బిషప్ అడిగాడు. "తెలీదు" అంది. ఆయన మంచివాడే. ఆవిడ చెయ్యి పట్టుకుని, ఎప్పుడైనా మళ్లీ రమ్మన్నాడు.

మీనా యూటాలో చదివి అప్పుడే వచ్చింది. సంగతి విని భగ్గుమంది.

"జస్ట్ యస్ అను అమ్మా! టెన్ మినిట్స్. నా కోసం అనలేవా?"

"అబద్ధమాడి లోపలికొస్తే అది రావడమా మీనా?"

"నాన్న ఉంటే ఇలా చేసేదానివా? ఆంటీ, మీరైనా చెప్పండి. ఆ బుక్స్ వల్లే అమ్మ ఇలా అయిపోయింది."

"నా మీదికి తోసెయ్" అంది ఇంద్రజ. "మేం చదివేవాటిలో సగం హత్యలే. మీ అమ్మ ఇంతవరకు ఎవర్నీ చంపలేదు."

మీనా నవ్వలేదు. తల్లితో రెండు వారాలు అవసరమైన మాటలే మాట్లాడింది. భీమశంకర్‌గారికి కథ ఇక్కడిదాకానే తెలుసు.

ఒక శనివారం పొద్దున పెళ్లికొడుకు అమ్మానాన్నా భోజనానికి వస్తామన్నారు. దమయంతి మధ్యాహ్నం దాకా డ్యూటీలో ఉంది. మీనా పీచ్‌పళ్లతో కాబ్లర్ అనే తీపివంటకం చేస్తానని బేస్‌మెంట్‌లోకి దిగింది. సాయానికి ఇంద్రజ వెళ్లింది. ఆ ఇంట్లో పిల్లలకి నడకతోపాటు నేర్పే నియమం ఒకటుంది: ప్రతి మూత మీదా తేదీ వెయ్యాలి, పాతది ముందు తియ్యాలి, తేదీ లేనిది కనబడితే అన్నిటికన్నా ముందు దాన్నే వాడెయ్యాలి. అరలో గోడవారగా, గోధుమల డబ్బా వెనక మీనాకి తేదీ లేని సీసా ఒకటి దొరికింది. తల్లి కావాలని దాచిందని మీనాకేం తెలుసు. పైకి తెచ్చి మూత తీసింది.

ముందు నీళ్లు మరుగుతున్న చప్పుడు. గరిటె కింద పెట్టిన చప్పుడు. మనిషి నేల మీద మోకరిల్లిన చప్పుడు. తర్వాత దమయంతి గొంతు.

"మా పరలోకపు తండ్రీ..."

ఆగిపోయింది. గడియారం టిక్కుటిక్కుమంది.

"మా పరలోకపు తండ్రీ..."

మళ్లీ ఆగిపోయింది. మీనా చేతిలో మూత అలాగే ఉంది. మూడోసారి గొంతు సవరించుకుని మొదలుపెట్టింది. నాలుగోసారి గబగబా అంది, వేగంగా వెళ్తే దాటిపోతానన్నట్టు. దాటలేదు. ఏడోసారి తర్వాత, "ఉదయ్, మీరైనా నా తరఫున చెప్పండి" అంది. మళ్లీ మొదలుపెట్టింది. ఇంద్రజ లెక్కపెట్టింది, పదకొండుసార్లు. పదకొండోసారి ఒట్టి "మా" అన్నది. ఆపైన మూత టక్కుమంది.

మీనా చేతిలో మూత సింకు పక్కన పెట్టింది.

"ఇది ఎప్పటిది ఆంటీ?"

"మీ నాన్న పోయిన ఏటిది అయ్యుండాలి. ఆ ఏడు నన్ను రావద్దంది. ఒక్కతే పట్టింది."

మీనా స్టూలు మీద కూర్చుంది. "అమ్మకి దేవుడు వద్దు అనుకున్నాను. ఐ థాట్ షి డజంట్ వాంట్ ఇట్." మోచేత్తో మొహం తుడుచుకుంది. "నాకన్నా ఎక్కువ కావాలి ఆంటీ, అమ్మకి."

ఆ సీసా పళ్లు కాబ్లర్‌లో వెయ్యలేదు. ఇద్దరూ అక్కడే నిలబడి తినేశారు. మీనా చేతులు కడుక్కుని పెళ్లికొడుక్కి ఫోన్ చేసింది. ముందు బయట, అందరూ చూసేలా పెళ్లి, ఆ తర్వాతే టెంపుల్, అంది. వాళ్ల సంఘం అందుకిప్పుడు ఒప్పుకుంటుంది. అతను సరేనన్నాడు. అతని తల్లే కాస్త గునిసింది.

డ్యూటీ నించి వచ్చిన దమయంతి సింకు పక్కన బోర్లించిన సీసాని చూసింది. మూతని అటూ ఇటూ తిప్పి చూసింది.

"ఏది తీశావు?"

"డేట్ లేనిది. ముందు అదే వాడాలని నువ్వే కదా నేర్పావు."

"బాగున్నాయా?"

"చాలా తియ్యగా ఉన్నాయమ్మా."

దమయంతి గుడ్డ తీసుకుని సీసా తుడిచింది. అది ఎప్పుడో తడారిపోయింది, అయినా తుడుస్తూనే ఉంది.

పెళ్లి వాళ్ల చర్చి హాల్లో, పిల్లలు ఆడుకునే బాస్కెట్‌బాల్ బుట్టకి పూలు చుట్టి చేశారు. దమయంతి ముందు వరసలో, కూతురి చెయ్యి అందేంత దగ్గరలో నిలబడింది. నేనూ ఉన్నాను, కాఫీ లేని పెళ్లికి మొదటిసారి వెళ్లాను. తర్వాత కార్డులున్నవాళ్లు టెంపుల్‌కి బయల్దేరారు. దమయంతీ ఇంద్రజా కూడా వెళ్లి బయట తోటలో బెంచీ మీద కూర్చున్నారు. ఇంద్రజ సంచిలోంచి పుస్తకం తీసింది.

"ఇవాళ చదవకు ఇందూ" అంది దమయంతి. "కాసేపు ఆ తలుపు వైపు చూస్తాను."

భీమశంకర్‌గారితో నేను మాట్లాడను. అందుకని ట్రాయ్ వెళ్లేవాళ్లని అడుగుతున్నాను. ఆ పదిమందీ ఆ టేబుల్ దగ్గరున్నప్పుడే ఆయన చెప్పినదాన్ని దిద్దండి. ఆ తల్లి మొండికెయ్యలేదు. పెళ్లికి వచ్చింది. లోపలికి వెళ్లలేని చోట, కూతురూ అల్లుడూ బయటికొచ్చేదాకా కళ్లు తిప్పకుండా కూర్చుంది.