మూడు అన్నాక కూడా నేల ఉంది

మా అక్క కూతురు మెట్లు లెక్కపెట్టుకుంటూ దిగేది. ఒకటి, రెండు, మూడు అనేసి మిగిలిన మెట్లన్నీ ఒక్క దూకు. కంచం ముందు కూర్చున్నా అదే వరస. కళ్లు సగం మూసుకుని పెదాలు కదిపేది. మూడు దగ్గరికి వచ్చేసరికి మొహం వెలిగేది. ఎనిమిదేళ్ల పిల్ల, ఏదో ఆటలే అనుకున్నాను.

వాళ్లది పై వాటా. కింద నా మెకానిక్ షెడ్డు. మా బావ బడి బస్సు నడుపుతాడు. పడుచు వయసులో మట్టి ట్రాకుల మీద మోటార్ సైకిల్ పందేలు ఆడినవాడు. అప్పుడు విరిగిన ఎముక వంకరగా అతుక్కుని, ఎడమ భుజం ఇప్పటికీ కాస్త కిందికి జారి ఉంటుంది. కూతురికి మిడత అని పేరు పెట్టింది ఆయనే. దానికి ఏడేళ్లు వచ్చేసరికి చిన్న బండి ఒకటి తెచ్చి నా షెడ్డులో పెట్టాడు. మేకపిల్లంత ఉండేది.

పిల్లల బండికి హ్యాండిల్ దగ్గర ఒక చిన్న స్క్రూ ఉంటుంది. దాన్ని లోపలికి బిగిస్తే యాక్సిలరేటర్ పూర్తిగా తిరగదు. పిల్ల ఎంత మెలితిప్పినా బండి ఒక హద్దు దాటదు. చెయ్యి కుదిరేకొద్దీ పావు చుట్టు, అర చుట్టు వదులు చేసుకుంటూ పోవాలి. బావ చెప్పేవాడు, నేను వదులు చేసేవాణ్ణి. ఏడాది తిరిగేసరికి ఆ స్క్రూ దాదాపు బయటికి వచ్చేసింది.

అక్కకి ఇదంతా ఇష్టం లేదు. మోచేతులకీ మోకాళ్లకీ దళసరి మెత్తలు పెట్టి డ్రెస్సు కుట్టింది కానీ, కుడుతున్నంతసేపూ మిషన్ చప్పుడులో కోపం వినిపించేది.

"నలభై మంది పిల్లల్ని నత్తలాగా తీసుకెళ్తావు. నీకున్న ఒక్కదాన్ని మాత్రం గాల్లోకి విసురుతావు!" అంది ఒకరోజు.

"ట్రాకు మీద ఎదురుగా లారీ రాదే. కుక్క అడ్డం రాదు. తలకి హెల్మెట్, ఒంటికి నువ్వు కుట్టిన పరుపు. వీధిలో సైకిలు తొక్కడం కంటే అదే నయం."

"ఆ మాట నీ భుజాన్ని చెప్పమను."

బావ నవ్వేశాడు. అక్క నా వైపు తిరిగింది. "నువ్వైనా చెప్పరా. నీ మాటైతే వింటాడు."

"చూద్దాంలే," అన్నాను.

"చూద్దాం, చూద్దాం. నోరు తెరిస్తే ముత్యాలు రాలిపోతాయా నీకు?"

నాకు మాట తొందరగా రాదు. ఇంజన్ చప్పుడు విని జబ్బు చెప్పగలను గానీ, ఎదురుగా మనిషి ఉంటే లోపల ఉన్నది గొంతు దగ్గరే ఆగిపోతుంది. పిల్లకి మాత్రం నా దగ్గర ఉండటం ఇష్టం. సాయంత్రాలు షెడ్డులో పాత టైరు మీద కూర్చుని, నేను పని చేస్తుంటే చూస్తూ ఉండేది. తలుపు సందులోంచి పడే ఎండలో దుమ్ము మెల్లగా తేలుతూ ఉండేది. ఇద్దరం అది చూసేవాళ్లం.

"మావయ్యా, ట్రాకులో దిబ్బ మీంచి ఎగిరాక పైన ఎలా ఉంటుందో తెలుసా?"

"ఎలా ఉంటుంది?"

"చప్పుడే ఉండదు. బండి మోగుతూనే ఉంటుంది, కానీ నాకు వినపడదు. బళ్లో బెల్లు కొట్టాక అందరూ ఒక్కసారి ఊరుకుంటారు చూడు, అలా. కింద మీరందరూ చాలా మెల్లగా కదులుతుంటారు."

"భయం వెయ్యదూ?"

"పైన వెయ్యదు. కింద వేస్తుంది."

ఆ రాత్రి నాకు కలలో దుమ్ము కనిపించింది. అందులో బండి లేదు, పిల్ల ఒక్కతే తేలుతోంది. కింద నేను స్క్రూడ్రైవర్ పట్టుకుని నిలబడి ఉన్నాను.

పందెం ఆదివారం పొద్దున. ట్రాకు మీద ఇంకా మంచు విడవలేదు. నీళ్లు చల్లిన ఎర్రమట్టి తడిసిన కుండలా వాసన వేస్తోంది. అటు చివర జంట దిబ్బలున్నాయి. మొదటి దాని మీంచి ఎగిరి, మధ్యలో ఉన్న గుంట దాటి, రెండో దాని అవతలి వాలులో దిగాలి. మిడత నిన్నటి ప్రాక్టీసులో ఆరుసార్లు దాటిందని బావ అందరికీ చెప్పుకుంటున్నాడు. నేను ఆ గుంట అంచుదాకా వెళ్లి చూసి వచ్చాను.

బావ సంతకాలు పెట్టడానికి టెంటు వైపు వెళ్లాడు. పిల్ల హెల్మెట్ పట్టీ పెట్టించుకుంటోంది. బండి దగ్గర నేనొక్కణ్ణే. జేబులో స్క్రూడ్రైవర్ ఎప్పుడూ ఉంటుంది. రెండు చుట్లు లోపలికి బిగించాను. వేగం తగ్గితే ప్రమాదం తగ్గుతుంది, ఇందులో ఆలోచించడానికేముంది? చేతికి గ్లవ్స్, ఒళ్లంతా హుషారు, పిల్లకి తేడా తెలియదులే అనుకున్నాను. ఆఖర్న వచ్చినా క్షేమంగా ఇంటికొస్తుంది.

జెండా ఊగింది. తొమ్మిది చిన్న బళ్లు తేనెటీగల్లా లేచాయి. మిడత ఆఖర్న వెళ్తుంటే నా మనసు కుదుటపడింది. మలుపు తిరిగింది. సగం పాతిపెట్టిన తెల్ల టైరు దాటింది. దిబ్బ ఎక్కింది. ఎగిరింది.

నిజంగానే చప్పుడు లేదు. మంచులోంచి ఎండ దాని హెల్మెట్ మీద పడింది. బండీ పిల్లా కలిసి ఎవరో దారం కట్టి పట్టుకున్నట్టు గాల్లో ఆగారు. చాలాసేపు ఆగారు. తర్వాత ముందు చక్రం రెండో దిబ్బ ఇవతలి గోడకి కొట్టుకుంది. దుమ్ము లేచింది. దుమ్ములోంచి పిల్ల లేవలేదు.

ఎడమ భుజం దగ్గర ఎముక విరిగింది. తలకేమీ కాలేదు. డాక్టరమ్మ ఎక్స్‌రే ఫోటో వెలుతురుకి పెట్టి చూసి, ఆరు వారాల్లో అతుక్కుంటుందంది. అక్క ఏడవలేదు. "తండ్రి భుజమే వచ్చింది," అంది, అంతే.

మర్నాడు మధ్యాహ్నం పైకి వెళ్లాను. కిటికీకి కట్టిన పలచటి గుడ్డ గాలికి ఉబ్బుతోంది. దాని నీడ పిల్ల మంచం మీద అలలా వెళ్లి వస్తోంది. మెడకి చెయ్యి కట్టుకుని, కళ్లు మూసుకుని లెక్కపెడుతోంది.

"ఏంటే అది?"

"నాన్న నేర్పిన లెక్క. తెల్ల టైరు దగ్గర ఫుల్లు తిప్పి ఒకటి, రెండు, మూడు. మూడు అనేసరికి నేల అయిపోవాలి. అప్పుడు అటు పడతాను. నిన్న మూడు అన్నాక కూడా నేల ఉంది మావయ్యా." కళ్లు తెరిచింది. "తొందరగా లెక్కపెట్టేశాను. తప్పు నాదే. నాన్నకి చెప్పు, ఇంక నెమ్మదిగా పెడతానని."

ఆ గుంట దాటడానికి వేగమే వంతెన. దాన్ని రెండు చుట్లతో నేనే కోసేశాను.

ముందు గదిలో బావ గొంతు వినిపిస్తోంది. "బండి ఇచ్చేస్తానే. నా లెక్కే తప్పు. దానికి నేర్పినవాణ్ణి నేను." ఏడాదిగా అక్క కోరుకున్నది ఆ మాటే. నేను కోరుకున్నదీ అదే. నోరు మూసుకుంటే చాలు, అన్నీ అనుకున్నట్టే అయిపోతాయి. నోరు మూసుకోవడం నాకు వచ్చిన విద్యే.

పిల్ల మళ్లీ మొదలుపెట్టింది. ఈసారి ఒక్కో అంకెకీ మధ్య ఎడం పెంచి, జాగ్రత్తగా, తప్పు చేసినదానిలా.

"స్క్రూ నేను బిగించాను," అన్నాను. నా గొంతు నాకే గట్టిగా వినిపించింది. "పందేనికి ముందు. రెండు చుట్లు."

ముందు గదిలోంచి ఇద్దరూ గుమ్మంలోకి వచ్చారు. బావ మొహం ఎర్రబడింది, తర్వాత పాలిపోయింది.

"జంట దిబ్బల ముందు వేగం తగ్గించావా? నీకు మతి గానీ పోయిందా?"

"నిన్ను చెప్పమన్నానురా," అంది అక్క, చాలా మెల్లగా. "చెప్పమన్నాను. ఇదా నువ్వు చేసింది?"

"నోటితో అనాల్సింది స్క్రూడ్రైవర్‌తో అన్నాను అక్కా." బావ వైపు తిరిగాను. "ఇప్పుడు అంటున్నాను. బావా, పిల్ల ఇంకా చిన్నది. లెక్క నువ్వు నేర్పుతావు, స్క్రూ నేను తిప్పుతాను, పడేది అది. మన తప్పు కూడా అదే మోస్తోంది చూడు, అక్కడ పడుకుని. తనంతట తాను స్క్రూ చూసుకునే వయసు రానీ. ఇంకో నాలుగేళ్లు."

బావ గోడకి ఆనుకున్నాడు. రెండు భుజాలూ జారిపోయి, మొదటిసారి సమానంగా కనిపించాయి. "ఇన్ని మాటలు నీలో ఉన్నాయని తెలిస్తే ఎప్పుడో అడిగేవాణ్ణి," అన్నాడు. తర్వాత, "రెండేళ్లు," అన్నాడు.

"ఆరు," అంది అక్క.

పిల్ల వాళ్లని పట్టించుకోవట్లేదు. నన్నే చూస్తోంది. చిన్న మొహంలో కోపం ఉంది, దాని వెనక ఇంకేదో తెరుచుకుంటోంది.

"నాకు చెప్పొచ్చుగా మావయ్యా."

"చెప్పాల్సింది."

"అయితే నా లెక్క తప్పు కాదుగా?"

"కాదు. నీ లెక్క సరిగ్గానే ఉంది."

కళ్లు మూసుకుంది. గుడ్డ నీడ మంచం మీదికి వచ్చింది, వెళ్లింది. పెదాలు కదిలాయి, ఇదివరకటి వేగంతోనే. మూడు దగ్గర మొహం వెలిగింది. తర్వాత గదిలో ఏ చప్పుడూ లేదు. మేం ముగ్గురం కింద నిలబడి, అది గాల్లోంచి దిగేదాకా కదలకుండా చూశాం.