రంగు పోయిన గుండ్లు

చంటిపిల్ల టెస్సా నోట్లో ఏదో చప్పరిస్తోంది. రోండా వేలు పెట్టి లాగితే నిగనిగలాడే తుపాకి గుండు బయటికొచ్చింది. చొంగ తుడిచి తిరగేసి చూసింది. మామూలు గుండుకైతే అడుగు మూసుకుని ఉంటుంది. దీనికి గుంట ఉంది, గుంటలో కూరిన బూడిదరంగు మందు ఉంది.

"డ్వేన్, ఇది నిప్పుచార గీసుకుంటూ పోయే రకం కదూ? మొనకి నారింజరంగు ఏది?"

కాలికి సిమెంటుకట్టుతో షెడ్డులో బల్ల ముందు కూర్చున్న ఆమె మొగుడు డ్వేన్, తూటాలు బిగించే ప్రెస్ పిడి వదలకుండానే నవ్వాడు.

"మిలిటరీ వాళ్లు వదిలించుకున్న సరుకు కదా, అన్నిటికీ తారు పట్టింది. అక్రోటు చిప్పల పొడిలో వేసి రాత్రంతా మిషన్లో తిప్పాను. తారుతోపాటు రంగూ పోయింది. మా అమ్మ పెళ్లినాటి చెంచాలు కూడా ఇంతగా మెరవలేదు తెలుసా!"

"పిల్ల నోట్లో పెట్టుకుంది!"

"అదొక్కటే కిందపడి ఉంటుంది. మిగతావన్నీ తూటాలు చేసి డబ్బాలో పెట్టేశా. మూత మీద టేపంటించి 'మంచు పడ్డాకే' అని రాశా, అప్పుడైతే గడ్డి అంటుకోదు. నీకు గాలి వీచినా కంగారే."

ఆ ఇంట్లో ఏ తూటాకైనా మూత మీది టేపే జాతకం. నిన్న మధ్యాహ్నం టెస్సా బల్లగుడ్డ లాగితే రెండు డబ్బాలు కిందపడి మూతలు చెరోవైపు దొర్లాయి. తూటాలు డబ్బా గుంటల్లో బిగిసి ఉన్నాయి గనక ఒక్కటీ ఒలకలేదు. అన్నీ ఒకేలా మెరుస్తున్నాయి. రోండా చేతికందిన మూత చేతికందిన డబ్బాకి పెట్టేసింది.

"మామయ్య ఏ డబ్బా తీసుకెళ్లారు?"

"'జింకలకి' అని రాసింది. దూడల వెంటపడే నక్కని చూసుకుంటానని పొద్దున్నే..."

"పిల్లని పట్టుకో. నోరు కడుగు."

రోండా ట్రక్కు తాళాలు లాక్కుని పరిగెత్తింది. ఆగస్టు ఎండకి మోంటానా నేలంతా అగ్గిపెట్టెలా ఉంది. బార్లీ కోతకి నాలుగు రోజులే గడువు. పిల్ల పుట్టిన ఏడాది వడగళ్లు పంటని మింగేశాయి. ఈసారి కూడా పోతే పొలం అమ్ముకోవాల్సిందేనని డ్వేన్ నిద్రలో కూడా గొణుగుతున్నాడు.

గట్టు మీద మామ ఆర్విన్ బోర్లా పడుకుని, గడ్డం తుపాకికి ఆనించి గురి చూస్తున్నాడు. చెవుల్లో బిరడాలున్నాయి, అరిస్తే వినపడదు. రోండా హారన్ మీద మోచెయ్యి పెట్టి తియ్యలేదు.

నక్క తోక తిప్పి మాయమైంది. ఆర్విన్ టోపీ నేలకేసి కొట్టాడు.

"పిచ్చి పట్టిందా అమ్మాయ్? మూడ్రోజులు కాపు కాశాను! పెళ్లికారులా ఆ మోత ఏంటి?"

"పేల్చారా మామయ్యా?"

"ఇందాక ఒక్కటి. నక్క పైనుంచి పోయింది. ఎర్రగా ఏదో మెరిసింది, ఎండ కంట్లో పడిందనుకున్నా..."

రోండా గుప్పిట విప్పింది. గుండు అడుగు చూడగానే ఆయన మాట ఆగిపోయింది. ఇద్దరూ ఒక్కసారే చేనుకి అవతలి గట్టు వైపు తిరిగారు. ఎండుగడ్డిలోంచి దారంలా సన్నగా పొగ లేస్తోంది.

కోతల రోజుల్లో ప్రతి ట్రక్కులోనూ నీళ్ల పీపా, గోనెలు ఉంటాయి. ఆమె చేను చుట్టూ తోలింది. ఆయన వెనక నిలబడి గోనెలు తడిపాడు. వాళ్లు వెళ్లేసరికి మంట మోకాలెత్తు లేచి చేను వైపు పాకుతోంది. బాదారు, తొక్కారు, మళ్లీ బాదారు. రోండా కనుబొమలు కమిలాయి. బార్లీ మొదటి వరస కంకులు నల్లబడ్డాయి, మంట అక్కడే చచ్చింది.

ఆర్విన్ బూడిదలోనే చతికిలబడ్డాడు.

"రంగు తీసేస్తాడా వెధవ? ఇంటికి పద, వాడి రెండోకాలు నేను విరగ్గొడతా."

ఆ మాటకి నవ్వి ఊరుకుంటే సరిపోయేది. రోండా చేతిలో గోనె కింద పడేసింది.

"మూతలు మార్చింది నేను, మామయ్యా."

ఆయన కమిలిన ఆమె కనుబొమల వైపు చూశాడు. తర్వాత తుపాకిలో మిగిలిన తూటాలు తీసి ఒక్కొక్కటే ఆమె అరచేతిలో పెట్టాడు.

"అయితే రంగు నువ్వే వెయ్యి."

ఇంటికెళ్లాక తూటాల మొనలకి పూయడానికి పెళ్లప్పుడు కొన్న గోళ్లరంగు సీసా వెతికింది. గట్టిపడిన మూత ఎంత తిప్పినా రాలేదు. డ్వేన్ పట్టకారు అందించాడు.